ముందద్దం మీద రాయి దెబ్బ: గోటితో పోయేదా, గొడ్డలి కావాలా?

చోడవరం నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా ముందు ఒక టిప్పర్ తగులుతుంది. అనకాపల్లి వైపైనా అంతే, భీమిలి–నర్సీపట్నం రోడ్డు మీద వడ్డాది వైపైనా అంతే. క్వారీ కంకరో, క్రషర్ చిప్సో వేసుకుని, టార్పాలిన్ కప్పీ కప్పకుండా పోతూ ఉంటాయి. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ ఆడే రోజుల్లో చెరకు ట్రాక్టర్లు కూడా వాటికి జతవుతాయి. జిల్లా పేరు 2022 ఏప్రిల్లో విశాఖపట్నం నుంచి అనకాపల్లికి మారింది గానీ గతుకులు ఎక్కడివక్కడే ఉన్నాయి. గతుకులో టిప్పర్ ఎగిరితే నాలుగు రాళ్ళు కింద పడతాయి. ముందు పోయే బండి టైరు వాటిలో ఒకదాన్ని పట్టి వెనక్కి విసురుతుంది. ‘టక్’మని ఒక చప్పుడు, అద్దం మీద చిన్న నక్షత్రం.

ఆ అద్దం పాత మారుతిదైతే పెద్ద ఆలోచన ఉండదు. బెంజో, బీఎండబ్ల్యూవో, ఆడీయో అయితే మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టదు. షెడ్డులో మెకానిక్ ‘ఏం పర్లేదండీ, ఇంకో రెండేళ్ళు నడుస్తాది’ అంటాడు. షోరూంలో సలహాదారు ‘మార్చేద్దాం సార్, ఇన్సూరెన్స్ ఉంది కదా’ అంటాడు. వాళ్ళలో ఎవరి మాట వినాలో తేల్చుకోవాలంటే ఆ అద్దం ఎలా పుట్టిందో, దేనికోసం పుట్టిందో తెలియాలి.

మొదటి కార్లకు ముందద్దమే లేదు. గాలికీ దుమ్ముకీ కళ్ళజోళ్ళు పెట్టుకునేవారు. తరువాత కిటికీలకు వాడే మామూలు గాజే తెచ్చి బిగించారు. కారు దేన్నైనా గుద్దుకుంటే ఆ గాజు కత్తుల్లా విరిగి మొహాల మీదకు వచ్చేది. పారిస్‌లో ఎదువార్ బెనెడిక్టస్ అనే ఆయన ఉండేవాడు. చిత్రకారుడు, డిజైనరు, రసాయన శాస్త్రంలోనూ చెయ్యి తిరిగినవాడు. 1903లో ఆయన ప్రయోగశాలలో అల్మరా మీది నుంచి ఒక గాజు ఫ్లాస్కు కింద పడింది. ఒళ్ళంతా బీటలు వారింది గానీ ముక్క ఊడలేదు. అందులో ఒకప్పుడు సెల్యులోజ్ నైట్రేట్ ద్రావణం ఉండేది. ద్రవం ఎగిరిపోయి లోపలి గోడకు పల్చని పొర అంటుకుని మిగిలింది. ఆ పొరే ముక్కల్ని పట్టి ఉంచింది. తరువాత కొన్నాళ్ళకు కారు ప్రమాదాల్లో గాజు గాయాల గురించి పత్రికలో చదివి, ఆ ఫ్లాస్కు గుర్తొచ్చి ప్రయోగాలు మొదలుపెట్టాడని చెబుతారు. కథకు కాస్త మెరుగు పెట్టి ఉండొచ్చు. పేటెంటు మాత్రం నిఖార్సయినది, 1909 నాటిది. రెండు గాజు పలకలు, మధ్యలో ఒక పొర. దానికి ట్రిప్లెక్స్ అని పేరు పెట్టారు.

కార్ల కంపెనీలు మొదట దాన్ని పట్టించుకోలేదు. ఖరీదు ఎక్కువ, పైగా ప్రమాదం గురించి మాట్లాడితే కొనేవాడు బెదిరిపోతాడన్న భయం. మొదటి ప్రపంచ యుద్ధంలో గ్యాస్ మాస్కుల కళ్ళద్దాలకు వాడాకే దాని విలువ తెలిసింది. 1927 చివర్లో ఫోర్డ్ కంపెనీ మోడల్ ఏ కారుకు ముందద్దంగా దీన్నే బిగించడంతో సామాన్యుల బండ్లలోకి దిగింది. అప్పటికీ ఒక తంటా ఉంది. ఎండకు సెల్యులోజ్ పొర పసుపెక్కి మసకబారేది. 1930ల చివర్లో పాలీవినైల్ బ్యుటిరాల్ అనే ప్లాస్టిక్ వచ్చి ఆ బాధ తీర్చింది. మనవాళ్ళు పీవీబీ అంటున్నది దాన్నే. ఈ రోజు మీ కారులో ఉన్నదీ అదే. 1966 మోడళ్ళతో అమెరికాలో ఆ పొర మందాన్ని 0.38 మిల్లీమీటర్ల నుంచి 0.76కు రెట్టింపు చేశారు. అంతకు ముందు తల గుద్దుకుంటే అద్దాన్ని చీల్చుకుని బయటికి పోయేది. పొర మందమయ్యాక తలను ఆపి, కాస్త సాగి, దెబ్బ తీవ్రతను తనలోకి తీసుకోవడం మొదలుపెట్టింది.

మన దేశంలో ఇంకో రకం గాజుదే చాలాకాలం రాజ్యం. పాత అంబాసిడర్లకు, లారీలకు ఉండే టఫెన్డ్ అద్దాన్ని నలభై దాటినవాళ్ళు చూసే ఉంటారు. ఒక్క రాయి తగిలితే క్షణంలో అద్దమంతా పటిక బెల్లంలా తెల్లబడేది. రోడ్డు కనబడక డ్రైవరు పిడికిలితో గుద్ది చిల్లు పెట్టుకుని, మొహానికి గాలి కొడుతుంటే బండి నడిపేవాడు. ఆ గాజుకు రిపేరన్న మాటే లేదు. పగిలితే పగిలినట్టే. ఇప్పుడు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో నూరో నిబంధన ప్రకారం ముందద్దం లామినేటెడ్ గాజుతోనే, అంటే పలకల మధ్య పొర ఉన్న గాజుతోనే, ఉండాలి. పక్క తలుపులకు మాత్రం టఫెన్డే నడుస్తోంది. కాబట్టి ఈ రిపేరు గొడవంతా ముందద్దానికే, పక్క అద్దానికి కాదు.

మన ప్రాంతానికి ఈ కథలో చిన్న వాటా ఉంది. బ్రిటన్‌లోని ట్రిప్లెక్స్ కంపెనీ కాలక్రమేణా పిల్కింగ్టన్ చేతిలోకి వెళ్ళింది. పిల్కింగ్టన్‌ను 2006లో జపాన్‌కు చెందిన నిప్పన్ షీట్ గ్లాస్ కొన్నది. ఆ సంస్థ వాహనాల అద్దాల కర్మాగారం ఒకటి విశాఖ శివార్లలోనే ఉంది. పారిస్ ఫ్లాస్కు వారసులు మన పక్కనే తయారవుతున్నారన్నమాట.

మామూలు కారు ముందద్దం సుమారు 5 మిల్లీమీటర్ల మందం. బయట 2.1 మిల్లీమీటర్ల గాజు, లోపల ఇంచుమించు అంతే, మధ్యలో పీవీబీ. రెండు పలకల్నీ ఒకేసారి కొలిమిలో వంచి, మధ్యలో పొర పరిచి, సుమారు 140 డిగ్రీల వేడిలో, పది వాతావరణాలకు మించిన ఒత్తిడిలో అతికిస్తారు. రాయి తగిలినప్పుడు నష్టపోయేది చాలాసార్లు బయటి పలక ఒక్కటే. పొరకూ లోపలి పలకకూ ఏమీ కాదు. రిపేరన్నది సాధ్యమవుతున్నది ఈ అమరిక వల్లనే.

ఐదు గ్రాముల చిప్స్ ముక్క గంటకు 50 కిలోమీటర్ల వేగంతో తగిలితే అర జౌలు శక్తి. వేగం 100 అయితే రెండు జౌళ్ళు. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. గట్టి గుండ్రటి వస్తువు గాజును నొక్కితే శంఖు ఆకారంలో బీట లోపలికి దిగుతుంది. రేడియో తరంగాలతో పేరు పొందిన హైన్రిష్ హెర్ట్జ్ 1880ల్లో దీని లెక్క తేల్చాడు. అద్దం మీద మనం చూసే గుండ్రటి మచ్చ ఆ శంఖుకు పైనుంచి కనబడే రూపం. చుట్టూ కాళ్ళు చాపితే నక్షత్రం అంటాం.

మచ్చ ఎంత చిన్నదైనా దాని బీట కొసను నమ్మకూడదు. 1920 ప్రాంతాల్లో ఇంగ్లండులో గ్రిఫిత్ అనే ఇంజనీరు గాజు మీద చేసిన పరిశోధన తేల్చింది ఇదే: పదార్థమంతటా సర్దుకోవలసిన ఒత్తిడి బీట కొస దగ్గర గుమిగూడుతుంది. బీట పొడవు పెరిగే కొద్దీ దాన్ని ఇంకా పెంచడానికి కావలసిన బలం తగ్గుతుంది. దీనికి తోడు నీరు. తేమ అణువులు బీట కొసలోకి దూరి సిలికాన్, ఆక్సిజన్ బంధాల్ని ఒక్కొక్కటిగా తెంపుతాయి. సముద్రపు తేమ తగిలే మన గాలిలో నిన్న బఠానీ గింజంత ఉన్న మచ్చ వారం తిరిగేసరికి జానెడు బీట అయ్యేది అందుకే. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారెక్కి ఏసీని ఒక్కసారిగా అద్దం మీదకు వదిలినా, కాలిన అద్దం మీద చన్నీళ్ళు కుమ్మరించినా అదే పని వేగంగా జరుగుతుంది.

ఈ బీటను పూడ్చే పద్ధతిని వ్యాపారంగా నిలబెట్టింది 1972లో అమెరికాలోని మినియాపోలిస్‌లో మొదలైన నోవస్ సంస్థ. మచ్చ మీద ఒక చిన్న సిరంజి లాంటి పరికరాన్ని బిగిస్తారు. ముందు లోపలి గాలినీ తేమనూ పీల్చేస్తారు. తరువాత ఒత్తిడితో పల్చని యాక్రిలిక్ రెజిన్ ఎక్కిస్తారు. అతినీలలోహిత దీపం కింద అది గట్టిపడుతుంది. పైన మిగిలిన దాన్ని బ్లేడుతో గీకి పాలిష్ పెడతారు. మంచి పనివాడు ఈ పని నీడలోనే చేస్తాడు. ఎండలో చేస్తే రెజిన్ లోపలికి పూర్తిగా దిగకముందే గట్టిపడిపోతుంది. మచ్చ దాదాపు కనబడకుండా పోవడం వెనక కిటుకు ఏమీ లేదు. బీటలోని గాలికీ గాజుకూ వక్రీభవన గుణకం వేరు, అందుకే బీట మెరుస్తుంది. రెజిన్ గుణకాన్ని గాజుకున్న 1.52కు దగ్గరగా ఉండేలా తయారు చేస్తారు. కాంతికి తేడా తెలియకపోతే కంటికీ తెలియదు. అయినా చిన్న చుక్క మిగులుతుంది. మిగలదని ఎవరైనా హామీ ఇస్తే అనుమానించండి.

మరి మీ మచ్చ సంగతి? కారులో కూర్చుని ఆ చోట లోపలి వైపు గోటితో గీసి చూడండి. గోరు తగులుకుంటే లోపలి పలక కూడా పోయినట్టే, ఇక మార్చడమే. నున్నగా ఉంటే బయటికి వచ్చి మచ్చ మీద పది రూపాయల బిళ్ళ పెట్టండి. దాని కింద దాగిపోతే చాలావరకు రిపేరుకు లొంగుతుంది. అమెరికా ప్రమాణం గుండ్రటి మచ్చకు ఒక అంగుళం, నక్షత్రానికి మూడు అంగుళాలు, పొడవు బీటకు పద్నాలుగు అంగుళాల దాకా ఒప్పుకుంటుంది. పనివాళ్ళలో చాలామంది ఆరు అంగుళాల దగ్గరే చేతులెత్తేస్తారు, అదే మంచిది. బీట అద్దం అంచు దాకా పోయి ఉంటే కొలతలతో పని లేదు, మార్చాల్సిందే. అంచు దగ్గర గాజు మీద ఒత్తిడి ఎక్కువ, బీట ఆగదు.

డ్రైవరు కళ్ళ ముందు ఉన్న భాగం విషయంలో నేను మరీ పట్టుదలగా ఉంటాను. బ్రిటన్‌లో ఏటేటా జరిపే వాహన తనిఖీలో స్టీరింగుకు ఎదురుగా 290 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలో 10 మిల్లీమీటర్లు మించిన దెబ్బ ఉంటే బండి తప్పుతుంది. వైపర్ తుడిచే మిగతా చోట 40 దాకా పోనిస్తారు. ఎంత బాగా పూడ్చినా మిగిలే ఆ చుక్క, రాత్రి ఎదురు లారీ హైబీమ్ పడినప్పుడు కంట్లో నలుసు అవుతుంది. కళ్ళ ఎదుట పెద్ద మచ్చ ఉంటే డబ్బు చూసుకోకండి.

ఖరీదైన కారులో ఈ లెక్క ఇంకో మలుపు తిరుగుతుంది. దాని అద్దం వట్టి అద్దం కాదు. అద్దం మీద వేగం చూపించే హెడ్-అప్ డిస్‌ప్లే ఉంటే, పీవీబీ పొర కింద ఒక మందం, పైన ఒక మందం ఉంటుంది. అలా లేకపోతే లోపలి తలం, బయటి తలం వేర్వేరు బొమ్మలు చూపించి అంకెలు రెండుగా కనబడతాయి. చప్పుడు తగ్గించడానికి మెత్తటి పొర, వేడిని వెనక్కి కొట్టడానికి వెండి పూత, వాన సెన్సరు ఇవన్నీ ఉండొచ్చు. అద్దం వెనక నుంచి రోడ్డును చూసి బ్రేకు వేసే కెమెరా కూడా ఉండొచ్చు. అందుకే ఒక్క అద్దం ధర లక్ష దాటడం మామూలే. కొత్త అద్దం బిగించాక ఆ కెమెరాకు మళ్ళీ సరిగ్గా గురి కుదర్చాలి, కాలిబ్రేషన్ అంటారు. గురి ఒక్క డిగ్రీ తప్పినా 50 మీటర్ల దూరంలో 87 సెంటీమీటర్లు పక్కకు చూస్తుంది. అంటే పక్క లేను ఆటోను మన దారిలో ఉన్నట్టు, మన దారిలో ఉన్నదాన్ని లేనట్టు అనుకోవచ్చు. ఈ సరంజామా లేని చోట ఖరీదైన కారు అద్దం మార్పించకండి. చోడవరంలో దొరక్కపోతే విశాఖ ఎంతో దూరం కాదు. అంగుళం లోపు మచ్చకు ఇంత తతంగం దేనికి, ఫ్యాక్టరీలో అతికించిన అద్దాన్ని ఊడదీయడం ఎందుకు అన్నది నా మాట. రిపేరే మేలు. కెమెరా చూసే చోట మచ్చ పడితే మాత్రం రిపేరు కుదరదని చాలా కంపెనీలే చెబుతాయి.

మార్చక తప్పనప్పుడు అద్దం కింది మూల చదవండి. ఐ.ఎస్. 2553 గుర్తు, లామినేటెడ్ అన్న మాట, తయారీదారు పేరు అక్కడ ఉంటాయి. అద్దాన్ని కారు చట్రానికి పట్టి ఉంచేది యూరిథేన్ గమ్ము. కారు పల్టీ కొడితే పైకప్పు నలిగిపోకుండా ఈ అద్దం కొంత భారం మోస్తుంది. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు దీని మీదే ఆనుకుంటుంది. కాబట్టి గమ్ము డబ్బా మీద రాసినంత సేపూ ఆరనివ్వాలి, ఆ లోపు గతుకుల రోడ్డు ఎక్కకూడదు.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చూడండి. మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు కోస్తారు, గాజుకు కోయరు. షోరూంవాళ్ళ ధైర్యం దానివల్లే. కానీ 1500 సీసీ దాటిన కారుకు తప్పనిసరిగా మనమే భరించాల్సిన మొత్తం 2,000 రూపాయలు. క్లెయిము పెడితే 20 నుంచి 50 శాతం దాకా పెరిగిన నో క్లెయిమ్ బోనస్ పోవచ్చు. చిన్న రిపేరుకు క్లెయిము దండగ. మొత్తం మార్చాల్సి వస్తేనే దాని జోలికి వెళ్ళండి.

రాయి తగిలిన రోజే మచ్చ మీద పారదర్శకమైన టేపు అంటించండి, నీళ్ళూ దుమ్మూ పోకుండా. ఫెవిక్విక్ మాత్రం పోయకండి. ఒకసారి అది దిగితే రెజిన్‌కు చోటుండదు. వర్షం పడకముందే, బండి కడగకముందే రిపేరుకు పంపండి. అద్దం మార్చేస్తే పాత ఫాస్టాగ్ ఊడదీసి కొత్తదానికి అంటించడం కుదరదు. బ్యాంకు నుంచి కొత్త ట్యాగ్ తెచ్చుకున్నాకే హైవే ఎక్కండి.