తరగని కథ – తరిగిన ఉత్సాహము

ఒక కథను మొదట విన్ననాడు కలిగిన ఉత్సాహము, ఆ కథయే నలుబది, ఏబది యేండ్లు సాగినచో ఏల సన్నగిల్లును? అట్లు సన్నగిల్లుట వినువాని లోపమా, కథ లోపమా? ఇది పిల్లలకు సంబంధించిన ప్రశ్నయని పెద్దలు తోసివేయవలదు. నేడు మన యూళ్లలో ఇంటింట టెలివిజను కలదు. ముగింపు నెరుగని కథలు దినదినమును మన ముంగిట ప్రవహించుచున్నవి. వాని ముందు గడచు కాలము మనది, తిరిగి రానిది. కావున ఈ విషయమును కొంత విచారింపవలసియున్నది. దృష్టాంతముగా, నేను నంద్యాలలో ఉపాధ్యాయుడనై యున్ననాటి నుండి పలు సంవత్సరములు అనుసరించిన ఒక విదేశపు కథను గైకొందును.

దాని పేరు స్టార్ ట్రెక్, అనగా నక్షత్రయాత్ర. జీన్ రాడెన్‌బెరీ యనునతడు దీనిని కల్పింపగా, అమెరికా దేశమున 1966 సెప్టెంబరు 8వ తేదీన టెలివిజనులో ప్రారంభమయ్యెను. ఇట్టివానికి విజ్ఞాన కల్పనా కథలని పేరు. శాస్త్రము ఇంకను సాధింపనిదానిని సాధించినట్లు భావించి, అప్పుడు మనుష్యుడెట్లు వర్తించునో చెప్పుట వీని పని. మన పురాణములలో పుష్పకము కలదు గదా! అచ్చట విమానమును నడపునది దివ్యమహిమ, ఇచ్చట యంత్రము. భేదమంతియే.

ఈ కథలో ఎంటర్‌ప్రైజ్ అను నౌక నక్షత్రముల నడుమ సంచరించును. దానికి కిర్క్ అను నాయకుడు. అతని ప్రక్కన అన్యగ్రహవాసికి మానవకాంత యందు జనించిన స్పాక్. ఆఫ్రికా సంతతికి చెందిన ఉహూరా యను స్త్రీ. ఆసియా సంతతివాడైన సూలూ. 1967 నుండి చెకోవ్ అను రష్యా యువకుడు. అమెరికాకును రష్యాకును పచ్చగడ్డి వేసిన భగ్గుమను దినములవి. అట్టి కాలమున వీరందరిని ఒకే నౌకలో కూర్చుండబెట్టుటయే ఆ కథకుని సాహసము.

1968లో దీనిని నిలిపివేయుదురేమోయని భయపడి ప్రేక్షకులు వేలకొలది ఉత్తరములు వ్రాసిరి. కథ నిలిచెను, కాని మరుసటి సంవత్సరమే, 79 భాగములతో, 1969 జూన్ 3వ తేదీన ముగిసెను. అటుపిమ్మట ఏడు వారములలోపలనే మనుష్యుడు నిజముగా చంద్రునిపై అడుగిడెను. 1980వ దశకమున ఈ తొలి కథలు కొన్ని మన దూరదర్శనములో ఆదివారములందు ప్రసారమయ్యెను. నేను చూచినది అప్పుడే.

నన్ను ఆకర్షించినది నౌకయు కాదు, ఆయుధములును కాదు. ఒక్కొక్క భాగమున ఒక్కొక్క ధర్మసందేహము ఉండుటయే. ఒక ఉదాహరణము చెప్పెదను. 1969లో వచ్చిన ఒక భాగమున ఇరువురు శత్రువులు నౌకలోనికి వత్తురు. ఇరువురి ముఖములును సగము నలుపు, సగము తెలుపు. అట్లయిన వైరమేల? ఒకనికి కుడివైపు నలుపు, రెండవవానికి ఎడమవైపు నలుపు. అంతియే కారణము. కడకు నౌక వారి గ్రహమును చేరగా, అచ్చటి జనులందరును పరస్పరము చంపుకొని నశించి యుందురు. ఇక కక్షకు అర్థమేమున్నది? అయినను వారిరువురు ఒకరినొకరు తరుముకొనుచు ఆ శ్మశానము మీదికే దిగిపోవుదురు. రాయలసీమలో పుట్టినవారికి దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు. తాతలనాటి తగవు మనుమల ప్రాణములు తీయుట మనము చూడనిది కాదు. ఎక్కడి అమెరికా, ఎక్కడి నక్షత్రములు! కథ మాత్రము మన రచ్చబండ మీదిది.

మరి ఇట్టి కథపై ఉత్సాహము ఏల తగ్గెను? దాని తదుపరి చరిత్ర చూడుడు. 1979లో చలనచిత్రమయ్యెను. 1987లో నూతన నాయకునితో, నూతన నౌకతో మరల టెలివిజనులోనికి వచ్చి 1994 వరకు 178 భాగములు సాగెను. అది ముగియకమున్నే, 1993లో మరియొక శాఖ ప్రారంభమై 1999 వరకు నడచెను. 1995 నుండి 2001 వరకు ఇంకొకటి. 2001 నుండి 2005 వరకు వేరొకటి. అనగా 1987 మొదలు 2005 దాక, పదునెనిమిది యేండ్లలో, క్రొత్త భాగము రాని సంవత్సరము లేదు. ఇందు కడపటి శాఖయొక్క మొదటి భాగమును అమెరికాలో సుమారు 1 కోటి 25 లక్షలమంది చూడగా, 2005 మే నెలలో దాని తుది భాగమును చూచినవారు 40 లక్షలకు లోపే. పండ్రెండేండ్లు విరామమిచ్చి 2017లో మరల ప్రారంభించిరి. కావున ఉత్సాహము తగ్గినది నా ఒక్కనికే కాదు. అందులకు నాకు తోచిన కారణములు మూడు.

మొదటిది, ఎడతెగకుండుట. మన కర్నూలు–కడప కాలువ క్రింద సేద్యము చేయువారికి ఈ మాట సులభముగ తెలియును. కాలువను పొడిగించినంతమాత్రమున నీరు పెరుగదు. సుంకేసుల కడ వచ్చినది ఎంతో అంతే. పొడిగించిన కొలది చివరి మడికి చేరునది తడి మాత్రమే. కథకుని ఊహ కూడ అట్టిదే.

రెండవది, కథ తన వెనుకకు తాను చూచుకొనుట. పేరు నక్షత్రయాత్ర, కాని 2001లో వచ్చిన శాఖ కిర్క్ కాలమునకు పూర్వము జరిగిన కథ. 2017లో ప్రారంభమైనదియు మొదట అట్టిదే. 2020లో వచ్చినది, 1987నాటి నాయకుని వృద్ధాప్యమును చెప్పినది. వీనిలో మంచి భాగములు లేవని నేననను. కాని క్రొత్త ప్రశ్న వేయుటకు మారుగా, పాత కథలో విడిచిన సందులను పూడ్చుటయే పెద్ద పనియైనది. ముందునకు పోవలసిన నౌక తన రేవు చుట్టునే తిరుగుచున్నట్లయ్యెను. అట్టి కథను చూచుటకు కుతూహలము చాలదు, జ్ఞాపకశక్తి కావలెను. చూచుట ఆనందము కాక అభ్యాసమగును. అభ్యాసము కొన్నాళ్లకు బాకీ యగును.

మూడవది, ముగింపు లేమి. హరికథకు మంగళము కలదు, పురాణమునకు ఫలశ్రుతి కలదు. వాటితో వినువాడు లేచి, విన్నదానిని వెంటగొని ఇంటికి పోవును. ముగింపులేని కథ మనలను లేవనీయదు. అది సాగుట దాని యజమానులకు లాభము. కథకు మాత్రము అవసరము కాదు.

అయిన, పదేపదే చెప్పుటయే విసుగునకు మూలమని కొందరందురు. అది నిజము కాదు. 1987 జనవరి నుండి 1988 జూలై వరకు దూరదర్శనములో రామాయణము వచ్చినప్పుడు, దాని ముగింపు తెలియని ఇల్లు దేశమున నుండెనా? అయినను జనులు పనులు మాని చూచిరి. ఇంతకంటె దగ్గరి సాక్ష్యము మన ఆళ్లగడ్డ ప్రాంతముననే కలదు. అహోబిలమున సంక్రాంతి మరునాడు, కనుమనాడు, పారువేట ఉత్సవము మొదలగును. చెంచులక్ష్మిని వలచిన నరసింహస్వామి తన పెండ్లికి జనులను స్వయముగ పిలువబోవునని ఐతిహ్యము. జ్వాలా నరసింహుని, ప్రహ్లాదవరదుని ఉత్సవమూర్తులు పల్లకిలో నలుబది దినములకు పైగా, ముప్పదికి మించిన పల్లెలు తిరుగును. కథ యేటేట అదియే. క్రొత్త మలుపు ఒక్కటియు లేదు. అయినను పల్లకి వచ్చు దినమున ఆ పల్లె జనుల ఉత్సాహమును కొలుచుట ఎవరితరము?

కారణము విచారింపుడు. పల్లకి వచ్చును, పోవును. మరల ఏడాది దాక రాదు. ఆ యెడబాటే ఉత్సాహమును పెంచును. మరియు అచ్చట మనము చూచువారము మాత్రమే కాము, పిలుపందుకొనిన పెండ్లివారము. ఇల్లలుకుట, ఆడుబిడ్డను పిలుచుట, పల్లకి కెదురేగుట, ప్రతివానికి ఒక పని కలదు. ఆళ్లగడ్డ శిల్పులను చూడుడు. శాస్త్రము చెప్పిన కొలతలకు లోబడి ఒకే మూర్తిని ఎన్నిమార్లు చెక్కినను, ప్రతిమారు రాయి క్రొత్తది, చేతి పని క్రొత్తది. పని గలచోట పునరుక్తి బరువు కాదు. కూర్చుండి చూచుట తప్ప వేరు పని లేనిచోట అది బరువగును.

ఇక మిగిలినది ఒక్క సందేహము. కథ చెడినదా, లేక మనకే ముదిమి వచ్చినదా? దీనికి నేనొక పరీక్ష కనుగొంటిని. మనసు పోయిన కథయొక్క తొలి భాగమొకటి మరల చూడవలెను. అదియు చప్పగా నున్నచో, మారినది మనము. అది ఇంకను కదలించినచో, మారినది కథ. నేను ఆ నలుపు తెలుపు ముఖముల భాగమును ఇటీవల మరల చూచితిని. చిత్రము పాతబడినది, యంత్రములు ఆటవస్తువులవలె నున్నవి; కాని ఆ శ్మశానము కనబడినప్పుడు నా గుండె మునుపటివలెనే బరువెక్కెను.

కావున పెద్దలకు నా మనవి యిది. ఒకనాడు ప్రియమైనదానిని జీవితాంతము ప్రేమింపవలెనను ఋణము కథల విషయమున లేదు. ఉత్సాహము పోయినచోట బలవంతముగ కూర్చుండుట కథకును గౌరవము కాదు, మన కాలమునకును గౌరవము కాదు. అట్లని మనుమలు క్రొత్త భాగములను మెచ్చుకొనుచుండగా, మా నాటిదే కథయని వారిని చిన్నబుచ్చవలదు. వారికి అదియే తొలి భాగము కావచ్చును. మనకు మిగిలిన మంచిని వారికి చెప్పుదము. టెలివిజను ఆపి, కుడివైపు నలుపువాడు, ఎడమవైపు నలుపువాడు ఎందుకు కొట్లాడుకొనిరో మన నోట చెప్పినచో, ఆ కథ అరుగు మీద మరల మొదలగును. అచ్చట దానికొక ముగింపును ఉండును.