అమ్మ పెంచే కోళ్లు - మనం వేయించాల్సిన టీకా

సెలవులయ్యాక హాస్టల్‌కు తిరిగొచ్చేటప్పుడు బస్సు ఛార్జీ, నోటు పుస్తకాలు, ట్రంకుపెట్టె డబ్బులు ఎక్కడివి? మనలో చాలామందికి అవి అమ్మ కోడిని అమ్మిన డబ్బులే. బందరు, గుడివాడ, దివిసీమ పల్లెల్లో సెంటు భూమి లేని ఇంట్లో కూడా నాలుగు పెట్టలు, ఒక పుంజు కనిపిస్తాయి. చుట్టం వస్తే కూర, పిల్లాడికి జ్వరం వస్తే మందుల ఖర్చు ఆ గంప కిందే ఉంటాయి. అందుకే ఈ సంచికలో పెరటి కోళ్ల గురించి నాలుగు మాటలు రాస్తున్నాం.

మన ప్రాంతంలో మేతకు కొదవ లేదు. కోతలయ్యాక చేలో రాలిన గింజలు, పెంటకుప్పలో పురుగులు ఏరుకుని కోడి తన పొట్ట తానే నింపుకుంటుంది. మిల్లుల నుంచి నూకలు, తవుడు తెచ్చి సాయంత్రం గుప్పెడు వేస్తే చాలు. గుడ్డు పెంకు పలచబడితే కాలవ గట్టున దొరికే నత్తగుల్లలు దంచి పెట్టాలి. అందులోని సున్నం పెంకుకు బలం. మనకు అసలు ఇబ్బంది తడి. అందుకే గూడును నేలకు రెండడుగుల ఎత్తున కట్టాలి. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ వేలమంది మనుషులనే కాదు, గొడ్డూగోదనూ కోల్పోయింది. తుపాను హెచ్చరిక వచ్చి ఇల్లు వదలాల్సి వస్తే గూటి తలుపైనా తీసి వెళ్లాలి.

పొదుగుకు పెట్టకింద పది, పన్నెండు గుడ్లు సరిపోతాయి. వారం దాటిన గుడ్లు, ముఖ్యంగా ఎండాకాలంలో, పెట్టకూడదు. ఎనిమిదో రోజు రాత్రి గుడ్డును టార్చిలైటు ముందు పట్టి చూస్తే ఎర్రటి నరాలు కనిపించాలి. కనిపించకపోతే అది మురిగేదే, తీసేయాలి. 21వ రోజుకు పిల్లలు బయటికొస్తాయి. ఉరుములకు గుడ్లు పాడవుతాయని మన అమ్మమ్మలు గంపలో ఇనుప ముక్క పెట్టేవారు. నిజానికి గుడ్లు పాడయ్యేది ఎక్కువగా వేడికి, నిలవకు, పుంజు సరిగా లేకపోవడానికి.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ పెరటి కోసం వనరాజా, గ్రామప్రియ రకాలు తయారుచేసింది. ఇవి నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి. అయితే ఇవి సాధారణంగా పొదగవు. వాటి గుడ్లను నాటు పెట్టకింద వేసి పిల్లలు తీసినా తల్లి గుణాలు పూర్తిగా రావు. అందుకని ఇంట్లో నాటు పెట్టను వదులుకోకూడదు.

ఇక అసలు సంగతి. కొక్కెర తెగులు వస్తే మెడలు మెలి తిరిగి, పచ్చగా పారి, నాలుగు రోజుల్లో గూడు ఖాళీ అవుతుంది. వచ్చాక మందు లేదు. ముందే టీకా వేయాలి. పిల్లకు 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా కంటిలో ఒక చుక్క, 8 వారాలకు ఆర్-టు-బి సూది. మరి ఇంత తేలికైతే మన ఇళ్లలో ఎందుకు వేయించరు? టీకా సీసాలో వంద కోళ్లకో, అంతకు మించో సరిపడా మందు ఉంటుంది. ఐస్‌లో తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న అమ్మ ఒక్కతే దాన్ని తెచ్చి ఏం చేస్తుంది?

పేటంతా కలిస్తే ఆ వంద కోళ్లూ దొరుకుతాయి. వేసవి సెలవుల్లో మనం చేయగల పని ఇదే. ఇంటింటికీ తిరిగి కోళ్లను లెక్క రాసుకుని, పశువుల ఆసుపత్రిలో అడిగి, ఒక రోజు పొద్దున్నే అందరి కోళ్లకూ వేయించాలి. జబ్బుగా ఉన్నదానికి వేయకూడదు. సంతలో కొన్న కోడిని, పందెం బరి నుంచి వచ్చిన పుంజును రెండు వారాలు విడిగా ఉంచాలి. పందేలను చట్టం ఎటూ ఒప్పుకోదు, వాటివల్ల తెగులు కూడా ఊరూరా తిరుగుతుంది. చచ్చిన కోడిని కాలవలో పారేయకుండా సున్నం చల్లి పాతిపెట్టాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చాక ఈ జాగ్రత్త మరీ అవసరం.

అమ్మ కోడిని అమ్మి మనల్ని చదివిస్తోంది. ఆ చదువులోంచి ఒక చుక్క టీకా తిరిగి ఆమె గూటికి చేరాలి. గన్నవరం పశువైద్య కళాశాలలో రేపు మన హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు సీట్లు తెచ్చుకోవాలని కూడా మా ఆశ.