స్పామ్ ఫిల్టర్ పుట్టుపూర్వోత్తరాలు

రాయపూర్ శంకర్ నగర్‌లో రైస్ మిల్లు యంత్రాలు అమ్మే చిన్న ఆఫీసు ఒకటి ఉందనుకుందాం. ఛత్తీస్‌గఢ్‌కు ‘ధాన్ కా కటోరా’ అని పేరు కాబట్టి అక్కడ ఆ వ్యాపారం ఉండటంలో వింతేమీ లేదు. సేల్స్ చూసే కుర్రాడు తెలుగువాడు. అందుకే మిర్యాలగూడ, మండపేట, తాడేపల్లిగూడెం మిల్లర్లు అతని వంతుకొచ్చారు. ఎగ్జిబిషన్‌లో పోగైన విజిటింగ్ కార్డులు, డబ్బిచ్చి కొన్న లీడ్స్, ఎవరో పెన్‌డ్రైవ్‌లో పడేసిన ఎక్సెల్ షీటు, అన్నీ కలిపి ఓ సోమవారం పొద్దున్నే రెండు వేల మెయిళ్ళు కొట్టాడు. పైన ఎర్రటి అక్షరాల్లో డిస్కౌంటు, కింద కంపెనీ పేరుతో తీసుకున్న జీమెయిల్ అడ్రసు. సాయంత్రమైనా ఒక్క జవాబూ లేదు. ఫోన్ చేస్తే మిల్లరు గారు “మాకేం రాలేదండీ” అంటారు. ఆయన అబద్ధమేమీ ఆడటం లేదు. మెయిల్ వెళ్ళింది, కాకపోతే ఆయన ఎన్నడూ తెరవని స్పామ్ ఫోల్డర్‌లోకి వెళ్ళింది.

అక్కడికి తోసిన యంత్రానికి ఇనుమూ లేదు, మోటారూ లేదు. కానీ దాని కథ మాత్రం చాలా పాతది.

1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీ మార్కెటింగ్ ఉద్యోగి గ్యారీ థుర్క్ కొత్త మోడల్ ప్రదర్శనలకు రమ్మని సుమారు నాలుగు వందల మందికి ఒకేసారి మెయిల్ పంపాడు. అప్పటికి ఇంటర్నెట్ లేదు, దాని తల్లి అర్పానెట్ ఉంది. వాడేవాళ్ళ పేర్లన్నీ ఒక డైరెక్టరీలో అచ్చయి ఉండేవి. వాటిని చూసి టైపు చేయించాడు. అడ్రసులు హెడర్‌లో పట్టక మెయిల్ మధ్యలోకి పొర్లాయి. నెట్‌వర్క్ నడిపే రక్షణ శాఖ వాళ్ళు మండిపడ్డారు. థుర్క్ మాత్రం ఆ ఒక్క మెయిల్‌తో కోటి డాలర్లకు పైగా సరుకు అమ్ముడైందని తర్వాతి రోజుల్లో చెప్పుకున్నాడు. ఈ గొడవంతా ఆగకపోవడానికి కారణం ఆ మాటలోనే ఉంది. తిట్లు వందమంది తిట్టినా, కొనేవాడు ఒక్కడు దొరికితే గిట్టుబాటే.

అసలు లోపం 1982లో పడింది. ఆ ఏడాది జాన్ పోస్టెల్ రాసిన ఎస్ఎంటీపీ నియమావళి ప్రకారమే ఈనాటికీ మెయిళ్ళు ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు నడుస్తున్నాయి. అందులో ‘పంపినవారు’ అనేచోట ఎవరి పేరైనా రాసుకోవచ్చు. కవరు వెనక ఫ్రమ్ అడ్రసు రాసినట్టే, పోస్టాఫీసు వాళ్ళు అది నిజమా కాదా అని అడగరు. పోస్టెల్‌ను తప్పు పట్టడానికి లేదు. అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్నది కొన్ని విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే.

1994లో అరిజోనాకు చెందిన కాంటర్, సీగల్ అనే లాయరు దంపతులు యూజ్‌నెట్‌లో ఐదు వేలకు పైగా చర్చా బృందాల్లో ఒకే ప్రకటన కుమ్మరించారు. దేనికనుకున్నారు? గ్రీన్‌కార్డు లాటరీకి! ఆ తర్వాత వరద ఆగలేదు. 1997లో పాల్ విక్సీ, స్పామ్ పంపే సర్వర్ల ఐపీ అడ్రసులతో ఒక బ్లాక్‌లిస్టు నడపడం మొదలుపెట్టాడు. అది బాగానే పనిచేసింది కానీ, ఒకే సర్వర్‌ను పంచుకునే పది కంపెనీల్లో ఒకటి తప్పు చేస్తే తొమ్మిది బలయ్యేవి. చవక హోస్టింగ్ కొన్నవాళ్ళకు ఆ బాధ ఇప్పటికీ తప్పలేదు.

ఇంకో ఆలోచన కూడా నడిచింది. ప్రతి మెయిల్‌కూ పంపేవాడి కంప్యూటర్ చేత చిన్న లెక్క చేయిస్తే, ఒకటి రెండు పంపేవాడికి కష్టం తెలియదు, లక్షలు పంపేవాడికి తడిసి మోపెడవుతుంది. 1992లో సింథియా డ్వర్క్, మోనీ నవోర్ చెప్పిన ఈ ఉపాయాన్ని 1997లో ఆడమ్ బ్యాక్ హ్యాష్‌క్యాష్ పేరుతో తయారుచేసి చూపించాడు. మెయిల్‌కు అది పెద్దగా అక్కరకు రాలేదు. పదేళ్ళు దాటాక బిట్‌కాయిన్‌కు పునాది అయింది!

ఫిల్టర్‌కు అసలైన తెలివి వచ్చింది గణితం నుంచి. ఆ గణితం 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో థామస్ బేయస్ అనే పాస్టరుగారిది. కొత్త ఆధారం దొరికినప్పుడల్లా మన అంచనాను ఎంత సవరించుకోవాలో చెప్పే సూత్రం అది. ఆయన పోయాక 1763లో అచ్చయింది. దాన్ని చెత్త మెయిళ్ళ మీద ప్రయోగిస్తూ 1998లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఒక పత్రం వెలువరించారు. ప్రోగ్రామర్లందరి నోళ్ళలో నానింది మాత్రం 2002 ఆగస్టులో పాల్ గ్రాహం రాసిన వ్యాసం. ఆయన నాలుగు వేల చెత్త మెయిళ్ళు, నాలుగు వేల మంచి మెయిళ్ళు పక్కపక్కన పెట్టి, ఏ మాట ఎటువైపు ఎన్నిసార్లు వచ్చిందో కంప్యూటర్ చేత లెక్కపెట్టించాడు. ఉదాహరణకు ఒక మాట ఉన్న మెయిల్ స్పామ్ అయ్యే అవకాశం 90 శాతం, మరో మాటకు 80 శాతం అనుకోండి. రెండూ ఒకే మెయిల్‌లో కనబడితే? 0.9ని 0.8తో గుణిస్తే 0.72. స్పామ్ కాకపోయే అవకాశాలు 0.1, 0.2 గుణిస్తే 0.02. ఈ రెండూ కూడితే 0.74. 0.72ను 0.74తో భాగిస్తే 97 శాతం. విడివిడిగా అనుమానాలే, కలిస్తే దాదాపు రుజువు. గ్రాహం ఒక్కో మెయిల్ నుంచి ఇలా 15 మాటలు తీసుకున్నాడు. మంచి మెయిల్ పొరపాటున చెత్తలో పడటం ఎక్కువ నష్టం కాబట్టి, మంచివైపు కనిపించిన మాటలను రెట్టింపు చేసి లెక్కవేశాడు.

అందులో ఒక తమాషా బయటపడింది. ఎఫ్ఎఫ్0000 అనే గుర్తు, అంటే వెబ్ భాషలో ప్రకాశవంతమైన ఎరుపు రంగు, బూతు మాటలతో సమానంగా స్పామ్‌ను పట్టిచ్చింది. ఎరుపు చెడ్డదని యంత్రానికి ఎవరూ చెప్పలేదు. మనకు ఎర్ర అక్షరాలతో రాసే బంధువులు లేరు, అమ్మేవాళ్ళే ఉన్నారు. అది లెక్కల్లో తేలింది. మన కుర్రాడి డిస్కౌంటు గుర్తుందిగా?

2004 జనవరిలో దావోస్‌లో బిల్ గేట్స్ రెండేళ్ళలో స్పామ్ సమస్య తీరిపోతుందన్నాడు. తీరలేదు. పంపేవాళ్ళు మాటల అక్షరాలు మార్చారు, మాటల బదులు బొమ్మలు పెట్టారు, మెయిల్ చివర ఏ సంబంధమూ లేని వాక్యాలు అతికించారు. మాటలను చూసి మనిషిని పట్టడానికి ఒక హద్దుందని తేలిపోయింది. అప్పుడు యంత్రం ప్రశ్న మార్చుకుంది. ఏం రాశావన్నది తర్వాత, ముందు నువ్వెవరు?

దానికి జవాబు మూడు అంచెల్లో వచ్చింది. మెంగ్ వెంగ్ వాంగ్ 2003లో ముందుకు తెచ్చిన ఎస్‌పీఎఫ్ మొదటిది. మా డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఫలానా సర్వర్లకే ఉంది అని కంపెనీ తన డీఎన్ఎస్ రికార్డులో, అంటే డొమైన్ వివరాల బహిరంగ పట్టికలో, ఒక వరుస రాసి పెట్టాలి. ఎవరైనా దాన్ని చదవొచ్చు. మెయిల్‌ను ఫార్వర్డ్ చేస్తే ఇది తడబడుతుంది, ఎందుకంటే మధ్యలో వచ్చిన సర్వర్ ఆ జాబితాలో ఉండదు. ఆ లోటు తీర్చింది డీకిమ్. యాహూలో మార్క్ డెలానీ చేసిన పని, సిస్కో వాళ్ళ పని కలిసి 2007లో ప్రమాణంగా స్థిరపడింది. పంపే సర్వర్ తన రహస్య కీతో ప్రతి మెయిల్‌కూ డిజిటల్ సంతకం పెడుతుంది. దాన్ని సరిచూసే బహిరంగ కీ డీఎన్ఎస్‌లో ఉంటుంది. దారిలో ఎవరైనా ధర దగ్గర ఒక్క అంకె మార్చినా సంతకం సరిపోదు. మూడోది 2012లో ప్రకటించిన డీమార్క్. మెయిల్‌లో కంటికి కనిపించే ఫ్రమ్ అడ్రసు, ఈ పరీక్షల్లో నెగ్గిన డొమైన్ ఒకటేనా అని చూస్తుంది. కాకపోతే ఏం చేయాలో కూడా ఆ డొమైన్ యజమానే రాసి పెట్టొచ్చు: వదిలేయండి, స్పామ్‌లో వేయండి, తిప్పికొట్టండి.

మన కుర్రాడు చతికిలపడింది ఇక్కడే. జీమెయిల్ అడ్రసు పెట్టి ఏదో బల్క్ మెయిల్ సాఫ్ట్‌వేర్ నుంచి పంపాడు. ఆ సర్వర్ గూగుల్‌ది కాదు, సంతకమూ గూగుల్‌ది కాదు. యంత్రం దృష్టిలో అతను ఎవరి పేరో పెట్టుకుని వచ్చిన మనిషి. ఇలాంటి మెయిళ్ళను స్పామ్‌లో వేస్తామని 2024 నిబంధనల్లో గూగుల్ స్పష్టంగానే చెప్పింది. మన ఊళ్ళలో షాపు బోర్డుల మీద, లెటర్‌హెడ్ల మీద ఎన్ని జీమెయిల్ అడ్రసులున్నాయో చూస్తే ఈ నిబంధన బరువు తెలుస్తుంది. మనిషి మనిషికి రాసుకోవడానికి అవి భేషుగ్గా పనికొస్తాయి. వేలల్లో పంపడానికి పనికిరావు.

అదే 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ కలిసి ఇంకా బిగించాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు ఐదు వేలు, ఆపైన పంపేవాళ్ళకు మూడు పరీక్షలూ తప్పనిసరి అని గూగుల్ అంది. ఒక్క నొక్కుతో వద్దనే బటన్ ఉండాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 లోపు ఉంటే మంచిది. అంటే వెయ్యి మందిలో ముగ్గురు ‘రిపోర్ట్ స్పామ్’ నొక్కితే గీత దాటినట్టే. కొన్న జాబితాలో ముగ్గురేం ఖర్మ, ముప్ఫై మంది నొక్కుతారు. పైగా పాత జాబితాల్లో మనుషులెవరూ వాడని అడ్రసులుంటాయి. వాటిలో కొన్నింటిని స్పామ్ పట్టేవాళ్ళు కావాలనే ఎరగా వదిలిపెడతారు. వాటికి మెయిల్ వెళ్ళిందంటే పంపినవాడు అనుమతి అడగలేదని తేలిపోయినట్టే.

చట్టం మాటకొస్తే, అమెరికా 2003లో చేసిన చట్టం అడగకుండా పంపడాన్ని నిషేధించలేదు, వద్దన్నాక ఆపమంది. మన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌లో, విసిగించే మెయిళ్ళ గురించి, పంపినదెవరో తెలియకుండా మోసగించే మెయిళ్ళ గురించి ఒక ముక్క ఉండేది. వాక్స్వేచ్ఛకు అడ్డమని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్ మొత్తాన్నీ కొట్టేసింది. అది సరైన తీర్పే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు ఫోన్ కాల్స్‌కు, ఎస్ఎంఎస్‌లకే వర్తిస్తాయి. కాబట్టి మెయిల్ విషయంలో రోజువారీ పోలీసూ జడ్జీ ఈ యంత్రమే. దాని మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: ఎందుకు శిక్షించిందో చెప్పదు.

మీరు కూడా మెయిళ్ళు పంపి అమ్ముకునేవారైతే ఒక పని చేయండి. మీ కంపెనీ మెయిల్ ఒకటి మీ సొంత జీమెయిల్‌కు పంపుకుని, కంప్యూటర్‌లో తెరిచి, పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ చూడండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి ఎదురుగా ‘పాస్’ అని లేకపోతే, కొత్త లీడ్స్‌కు డబ్బు పెట్టకముందే డొమైన్ అమ్మినవాళ్ళకు ఫోన్ చేసి ఆ రికార్డులు పెట్టించుకోండి. తర్వాత ఆ పెన్‌డ్రైవ్ షీటు డిలీట్ చేసేయండి.