ఎంత మోస్తుంది? ఎంతలో చేరుస్తుంది?

2001 సెప్టెంబరు 7న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో 68 ఏళ్ల మహిళకు పిత్తాశయం తొలగించారు. ఆపరేషన్ చేసిన డాక్టర్ జాక్ మారెస్కో మాత్రం ఆ సమయంలో అట్లాంటిక్‌కు ఆవలి ఒడ్డున, న్యూయార్కులో ఉన్నారు. ఆయన చేతి కదలికలు ఫైబర్ కేబుల్ గుండా సముద్రం దాటి రోబో చేతులను నడిపాయి. కెమెరా రోగి కడుపులో చూసిన దృశ్యం అదే దారిన ఆయన తెర మీదికి వచ్చింది. ఆపరేషన్‌కు 54 నిమిషాలు పట్టింది.

దానికి వాడిన లైను సామర్థ్యం సెకనుకు 10 మెగాబిట్లే. నేడు చాలా ఇళ్లలోని బ్రాడ్‌బ్యాండ్ అంతకు మించి ఉంటుంది. అయినా పని నడవడానికి కారణం, ఆ లైనును ఈ ఆపరేషన్ కోసమే కేటాయించడం. జాప్యాన్ని అదుపులో ఉంచారు. డాక్టర్ చెయ్యి కదిపిన క్షణం నుంచి ఆ కదలిక ఆయన తెరపై కనబడేదాకా సగటున 155 మిల్లీసెకన్లు, అంటే సెకనులో సుమారు ఆరో వంతు పట్టింది. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లే పోగలదు. ఆ రెండు నగరాల మధ్య దూరం 6,000 కిలోమీటర్ల పైమాటే కనుక, రానూపోనూ కనీసం 60 మిల్లీసెకన్లు తప్పవు. ఏ ఇంజనీరూ దాన్ని తగ్గించలేడు. వీడియోను కుదించి మళ్లీ విప్పడానికీ, దారిలోని పరికరాలు దాటడానికీ పట్టే సమయాన్నే తగ్గించగలడు.

మరికొన్ని పనులకు జాప్యం కన్నా సామర్థ్యం ముఖ్యం. 2017 ఏప్రిల్లో ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ బృందం ప్రపంచంలో ఆరు చోట్ల ఉన్న ఎనిమిది రేడియో టెలిస్కోపులను కలిపి ఎం87 గెలాక్సీ వంటి లక్ష్యాలను పరిశీలించింది. పోగైన సమాచారం పెటాబైట్లలో ఉంది. ఒక్క పెటాబైట్‌ను 100 మెగాబిట్ల లైనులో పంపితే రెండున్నరేళ్లు పడుతుంది. 100 గిగాబిట్ల లైనులో ఒక రోజు కూడా పట్టదు. అంతటి లైన్లు ఆ టెలిస్కోపుల దగ్గర లేవు. అందుకే హార్డ్‌డిస్కులను విమానాల్లో తరలించారు. దక్షిణ ధ్రువంలోని డిస్కులు అక్కడి చలికాలం గడిచేదాకా కదలలేదు. ఎం87 నడుమ ఉన్న కృష్ణబిలం తొలి చిత్రం 2019 ఏప్రిల్ 10న విడుదలైంది.

నెట్‌వర్క్ ఉన్నచోట ఈ నిరీక్షణ ఉండదు. ఐరోపాలోని రేడియో టెలిస్కోపులు చాలావరకు తాము పట్టిన సంకేతాలను ఫైబర్ మీదుగా నెదర్లాండ్స్‌లోని ద్వింగెలో కేంద్రానికి ఎప్పటికప్పుడు పంపగలవు. అక్కడి కంప్యూటర్ వాటిని జోడించి చూస్తుంది. ఏదైనా నక్షత్రం హఠాత్తుగా ప్రజ్వరిల్లితే, అది చల్లారేలోపే తర్వాత ఏం చూడాలో నిర్ణయించుకోవచ్చు. వేల కిలోమీటర్ల దూరంలోని టెలిస్కోపులు ఒకే పరికరంగా పనిచేస్తాయి.

మన దేశంలో 2010లో ఆమోదం పొందిన నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ విశ్వవిద్యాలయాలనూ పరిశోధన సంస్థలనూ కలుపుతోంది. దాని మీదుగా అందే, జెనీవా దగ్గరి సెర్న్ కణభౌతిక కేంద్రం ప్రయోగాల సమాచారాన్ని ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, కోల్‌కతాలోని సైక్లోట్రాన్ కేంద్రం తమ కంప్యూటర్లలో విశ్లేషిస్తున్నాయి. విశ్లేషణకు శాస్త్రవేత్త జెనీవాలో ఉండాల్సిన పని లేదు.

కనుక ఒక జిల్లా ఆసుపత్రికో కాలేజీకో లైను వేసేటప్పుడు ఎన్ని మెగాబిట్లు అని మాత్రమే అడిగితే చాలదు. జాప్యం ఎంత, రద్దీ వేళ కూడా అది నిలకడగా ఉంటుందా అని కూడా అడగాలి. ఏ పనికి ఏది కావాలో ముందే తేల్చుకుంటేనే పెట్టిన ఖర్చుకు ఫలితం దక్కుతుంది.