ఉమ్మడి జాబుల పెట్టె - వడపోత విధానము

కామాటిపురా చాళ్లయందు ఒకే కట్టడపు చిరునామాకు పలు కుటుంబముల ఉత్తరములు వచ్చుట చిరకాలపు అనుభవము. నేడు దాదరువంటి చోట్ల తెలుగు సంఘముల కార్యవర్గమంతయు చూచు ఉమ్మడి ఈమెయిలు పెట్టెయు అట్టిదే. చందా వివరములు, ఆహ్వానములు, ప్రకటనలు, ఆపన్నుల విన్నపములు అన్నియు అందు కలిసిపడును.

వీనిని వేరుచేయుటకు తపాలాశాఖయే మార్గదర్శకము. శ్రీరాం భికాజీ వేలంకర్ రూపొందించిన ఆరంకెల పిన్‌కోడు 1972 ఆగస్టు 15న అమలులోనికి వచ్చినది. 400014 అను సంఖ్యలో మొదటి మూడంకెలు ముంబయిని, చివరి మూడును దాదరు బట్వాడాను తెలుపును. కామాటిపురాకు 400008. తెలుగు చదువలేని గుమాస్తా సైతము అంకెను బట్టి ఉత్తరమును వేరుచేయగలడు.

ఉమ్మడి పెట్టెకును ఇట్టి స్పష్టమైన గుర్తులు కావలెను. పంపినవారి చిరునామాను, విషయపంక్తిని బట్టి వర్గములు చేసి, ఒక్కొక్క వర్గమునకు ఒక్కొక్క బాధ్యుని నియమింపవలెను. లేనిచో అందరును చూతురనుకొని ఎవ్వరును చూడరు.

అయితే చిరునామా తెలియని ఉత్తరమును తపాలాశాఖ వెంటనే పారవేయదు. ప్రత్యేక కార్యాలయమున తెరచి, పంపినవారి జాడ వెదకును. అట్లే నియమములకు లొంగని జాబును చెత్తపెట్టెలో వేయక, దినమున కొకసారి మనుష్యుడు చూచు అరలో నిలుపవలెను. ఆసుపత్రినుండి రక్తము కోరువాని తొలి జాబు అపరిచిత చిరునామానుండియే వచ్చును. నూరు ప్రకటనలు లోనికి వచ్చినను నష్టము స్వల్పము; అట్టి విన్నపమొక్కటి తప్పిపోయిన నష్టము పూడ్చరానిది.