సూపులో సెలెరీ ఎందుకు?

పట్నంలో పెద్ద హోటళ్లకు కూరగాయలు వేసే వారిని, "సెలెరీ పండిస్తారా?" అని అడగడం కద్దు. చూడబోతే అది కొత్తిమీరకు పెద్దన్నలా వుంటుంది. నిజానికి కొత్తిమీర, కారట్, వాము, సోంపు అన్నీ దాని కుటుంబమే. కాడ కొరికి చూసినవారు, "ఇందులో ఏముందండీ, నీళ్లూ పీచూను!" అంటారు. నిజమే, నూటికి 95 పాళ్లు నీళ్లే. మరి ఫ్రెంచి వంటవాడు 2 పాళ్లు ఉల్లి, 1 పాలు కారట్, 1 పాలు సెలెరీ తరిగి వెన్నలో మగ్గించి గాని సూపు మొదలుపెట్టడేం? అమెరికాలో లూసియానావారు కారట్ మానేసి బెంగుళూరు మిరప వేస్తారు గాని, సెలెరీని మాత్రం వదలరు.

సంగతేమంటే, మనం కొత్తిమీరను దించబోయేముందు వేస్తాం గదా. ముందే వేస్తే వాసన ఆవిరితో పోతుంది. సెలెరీలో థాలైడులనే నూనె పదార్థాలున్నాయి. అవి అంత తొందరగా ఎగిరిపోవు. గంటసేపు మరిగినా సూపులో నిలుస్తాయి. 2008లో జపాను శాస్త్రజ్ఞులు ఉడికించిన సెలెరీలోని ఈ పదార్థాలను కోడిమాంసపు చారులో కలిపి రుచి చూపించారు. చారుకు సహజంగా వున్న కమ్మదనమే ఎక్కువైనట్లు తోచింది. అంటే సెలెరీ తన రుచి చూపేది తక్కువ, పక్కదాని రుచి పెంచేది ఎక్కువ. అందుకే చారు వడగట్టి పిప్పి పారేసినా వారికి విచారం లేదు. మనం కరివేపాకు ఏరి పక్కన పెట్టడం లేదూ? పైగా చలిదేశాల్లో దీన్ని చల్లని చోట వారాల తరబడి నిలవ వుంచవచ్చు.

ఇక మీకు కావలసిన సంగతి. కాడలు తెల్లబడేందుకు కొందరు మొదలుకు మట్టి ఎగదోస్తారు. చేదు తగ్గుతుంది, ఘాటూ తగ్గుతుంది. పచ్చిగా తినేవారికి అది బాగే. సూపుకయితే పచ్చని కాడ, ఆకుతో సహా, మేలు. కాబట్టి పైకాడలు ముతకగా వున్నాయని గట్టున పారేయకండి. వాటిని వేరే కట్టలు కట్టి సూపు వండేవారికి అమ్మజూపండి.

ఇది స్వతహాగా చిత్తడినేలల మొక్క. ఒక్కసారి నీటి ఎద్దడి తగిలినా కాడ బెండుబారుతుంది. గింజలు మరీ సన్నం, గ్రాముకు 2,000 పైచిలుకే. లోతుగా కప్పితే మొలవవు. పైన చల్లి, తడి ఆరకుండా చూస్తే రెండు మూడు వారాలకు మొలుస్తాయి. నారుమడిలోనే రెండు నెలలు, నాటాక మరో మూడు నాలుగు నెలలు. మన మైదానాల్లో చలికాలం కొద్దిరోజులే గనుక వానాకాలంలోనే నారు పోయాలి. ఎండలు ముదిరితే కాడ గట్టిపడి చేదెక్కుతుంది. పంజాబులో అమృతసర్ వైపు గింజల కోసమే పండించి ఎగుమతి చేస్తున్నారు. అది వేరే బేరం, ఎండుగింజ నిలవ వుంటుంది. పచ్చికాడ అలా ఆగదు. ముందు కొనేవారితో వారానికి ఎన్ని కట్టలో మాట్లాడుకొని, మొదటి యేడు ఒక్క మడి వేసి చూడండి.