పిల్లలకోడి

కడప జిల్లా వేముల మండలములో తుమ్మలపల్లె యను గ్రామము కలదు. యురేనియము గని వలన ఆ పేరు దూరప్రాంతముల వారికిని తెలిసినది. గని వచ్చినను పల్లె పల్లెయే. వాన తప్పిన ఏట ఆ మెట్టసీమలో ఇంటి ఖర్చునకు అక్కఱకు వచ్చునవి మేకలు, గొఱ్ఱెలు, పెరటికోళ్లు. వీనిలో కోళ్ల లెక్క ఇల్లాలిది. ఏ పెట్ట ఎన్ని గుడ్లు పెట్టినదో, ఏది ఎప్పుడు పొదుగునకు వచ్చునో ఆమెకు తెలిసినట్లు మఱియొకరికి తెలియదు.

అట్టి పల్లెలో ఒక ఇంట ముసలిపెట్ట యొకటి యున్నదనుకొందము. దానికి ఐదారేండ్లు దాటినవి. కాళ్లమీది పొలుసులు గరుకెక్కినవి. గుడ్లు నానాటికి తగ్గినవి. ఉట్టి పెట్టకు గింజలు వేయుట దండుగ యని, వచ్చు సంతకు దానిని పంపవలెనని ఇంటివారు తలచిరి. ఇంతలో ఒక ఆపద వచ్చినది. పడుచుపెట్ట పిల్లలను దింపిన రెండవనాటి రాత్రి పిల్లి దానిని పట్టుకొనిపోయినది. తెల్లవారునప్పటికి తల్లిలేని తొమ్మిది పిల్లలు గంపక్రింద కియ్యోమని అఱచుచున్నవి.

వీనికి ముందు కావలసినది మేత కాదు. పిల్ల గుడ్డునుండి వెలువడునప్పుడు మిగిలిన పచ్చసొన దాని కడుపులోనికి చేరును. దానితో రెండు మూడు దినములు మేతలేకయే బ్రదుకగలదు. చలికి మాత్రము తాళలేదు. ఒంటినిండ ఈకలు వచ్చువఱకు, అనగా కొన్ని వారములవఱకు, తన వేడిని తాను నిలుపుకొను శక్తి దానికి చాలదు. పుష్యమాసపు రాత్రి తల్లి రెక్క దొరకని పిల్లలు ఒకదానిమీద నొకటి యెక్కి, నలిగి చచ్చుటయు కలదు.

ఆనాడు ముసలిపెట్ట మేతకు దూరము పోలేదు. గంపచుట్టు తిరుగసాగెను. మెడ యీకలు నిక్కబొడుచుకొనినవి. గొంతులో నుండి క్లొక్కు క్లొక్కుమను ధ్వని వెడలినది. ఇల్లాలు అది గమనించి, చీకటి పడినపిదప పెట్టను ఒక మూల గూటిలో కూర్చుండబెట్టి, పిల్లలను ఒక్కొక్కటిగా దాని రెక్కలక్రిందికి జేర్చినది. చీకటిలో కోడికి చూపు మందము, కదలదు, పొడువదు. తెల్లవారుసరికి పిల్లల స్పర్శ దానికి అలవాటగును.

సాధారణముగా పెట్ట గుడ్లమీద కూర్చుండి ఇరువదియొక్క దినములు పొదుగును. అప్పుడు గుడ్లు పెట్టుట మానును. రొమ్ముమీది యీకలు రాలి చర్మము గుడ్లకు తగులును. గుడ్లకు సుమారు 37.5 డిగ్రీల సెంటిగ్రేడు వేడి నిలుచును. లోపలి పిండము పెంకు పొరకు అంటుకొనకుండ దినమునకు పలుమారులు గుడ్లను పొరలించును. మేతకై దినమున కొకమారు కొద్దిసేపు మాత్రమే లేచును. ఇంత ఓపికకు మూలము మెదడు క్రింది పీయూషగ్రంథి నుండి వెలువడు ప్రొలాక్టిన్ అను హార్మోను. ఆస్కార్ రిడిల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ప్రొలాక్టిన్‌ను ఎక్కించి పెట్టలకు పొదుగుగుణము కలిగించిన సంగతిని 1935లో ప్రకటించిరి.

గుడ్ల స్పర్శవలెనే పిల్లల స్పర్శయు, అఱపును ఈ గుణమును మేల్కొలుపవచ్చును. గుడ్లు పొదుగని పెట్టయు పిల్లలను చేరదీయుట అందువలననే. ఒక పెట్టకు ఇది ఒక రాత్రిలో కుదురును. మఱియొక దానికి కొన్ని దినములు పట్టును. కొన్ని పెట్టలు ఎన్నటికి ఒప్పుకొనక పిల్లలను పొడిచి చంపును. కనుకనే మొదటి ఉదయము ఇల్లాలు గూటిదగ్గఱనే కాచుకొని యుండవలెను. పిల్లలును లేతవై యుండవలెను. కన్ను తెఱచిన తొలిదినములలో తనకు ఎదురుపడిన కదలు ప్రాణినే పిల్ల తల్లిగా గుర్తించును. బాతులయందు ఈ విషయమును పరిశీలించిన కొన్రాడ్ లోరెంజ్‌కు 1973లో నోబెల్ బహుమానములో భాగము లభించినది.

ముసలిపెట్ట పెరటిలోనికి దిగినది. పేడకుప్పను గీరి, చెదపురుగును ముక్కుతో ఎత్తి మరల జారవిడిచి, మేత పిలుపు పిలిచినది. పిల్లలు ఉఱికి వచ్చినవి. ఆకాశమున గద్ద నీడ ఆడినప్పుడు పిలుపు మాఱినది. పిల్లలన్నియు రెక్కల చాటున అణగినవి. నేలమీద పిల్లి వచ్చినప్పటి కూత వేఱు, గద్ద కూత వేఱు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయమువారు 2011లో ప్రకటించిన పరిశోధనలో పిల్లలమీద కొంచెము గాలి ఊదగా, చూచుచున్న తల్లికోడి గుండె వేగము హెచ్చినది; కంటివద్ద వేడి తగ్గినది. గాలి పిల్లలకు తగిలినది, తత్తరపాటు తల్లికి కలిగినది.

ఈ గుణము అన్ని జాతులకు సమానము కాదు. ఏటికి రెండువందలకు పైగా గుడ్లు పెట్టు వైట్ లెగ్‌హారన్ కోడికి పొదుగుట దాదాపు మఱపునకు వచ్చినది. పొదుగునకు కూర్చున్న కోడి గుడ్లు పెట్టదు గనుక పెంపకందారులు తరతరములుగా పొదుగని పెట్టలనే ఏఱి పెంచిరి. వాని గుడ్లకు పొదుగుయంత్రములు కావలెను. పందెములకు పేరుగన్న అసీలు జాతి పెట్ట గుడ్లు తక్కువ పెట్టినను పొదుగుటలో దిట్ట. యంత్రము లేని ఇంట మేలుజాతి గుడ్లను నాటుపెట్టక్రిందనే పెట్టుదురు. సంతలో ముసలిపెట్టకు వెల కట్టువారు మాంసమునే తూచెదరు. ఈ పని వారి తక్కెడకు ఎక్కదు.

కొన్ని వారములు గడచినవి. తొమ్మిదింటిలో రెండింటిని గద్ద తన్నుకొనిపోయినది. ఏడు మిగిలి, ఈకలు కట్టి, వేఱు వేఱుగా మేయసాగినవి. ఒకనాటి సాయంకాలము పిల్లయొకటి ఎప్పటివలె రెక్కక్రిందికి దూరబోగా, ముసలిపెట్ట ముక్కుతో పొడిచి దానిని తఱిమినది. పిదప వేపచెట్టు క్రిందికి పోయి, దుమ్ములో పొరలి, ఈకలు దులుపుకొన్నది.